కుర్రకారు కరాటే సినిమా: విమర్శకుల మాటనూ ప్రేక్షకుల స్పందననూ కలిపి రాయడం ఎలా

కరాటే నేర్చుకునే పిల్లల కథతో సినిమా వచ్చిన ప్రతిసారీ దాదాపు ఒకే తంతు నడుస్తుంది. సమీక్షల్లో 'పాత కథే' అన్న పెదవి విరుపు కనిపిస్తుంది, హాల్లో మాత్రం పన్నెండేళ్ల పిల్లలు ఆఖరి పోరు వేళ సీట్లలో కుదురుగా కూర్చోలేరు. "సినిమా ఎలా ఉంది?" అని అడిగినవారికి ఈ రెండింటిలో ఏది చెప్పాలన్న సందేహం నాకు చాలాకాలం ఉండేది, ఒకటి చెబితే రెండోది అబద్ధమైపోతుందేమో అనిపించేది. ఇప్పుడా సందేహం లేదు. ఇంతకుముందు వచ్చిన కథలకు ఈ కథ కొత్తగా ఏం కలిపిందని విమర్శకుడు చూస్తాడు, తనలాంటి ఒకడు దెబ్బ తిని మళ్లీ లేచాడా లేదా అని పిల్లవాడు చూస్తాడు. ఎవరి లెక్క వారిది. ఆ రెండు లెక్కలనూ విడివిడిగా రాసుకుని, ఎవరు ఏ సన్నివేశం గురించి మాట్లాడుతున్నారో గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత పక్కపక్కన పెట్టడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను. పాఠశాల పత్రికకు రాసే ఉపాధ్యాయులకు, కాలనీ సంచికకు రాసే యువకులకు, సినిమా మీద చర్చ పెట్టుకునే మిత్ర బృందాలకు ఇది ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ఈ పద్ధతి నాకు మొదటి రోజే తెలియలేదు. 2010లో జేడెన్ స్మిత్, జాకీ చాన్ నటించిన 'ది కరాటే కిడ్' విశాఖలో ఆడినప్పుడు, హాలు నుంచి బయటికి వస్తున్న పిల్లలను ఆపి అభిప్రాయం అడిగి నోటు పుస్తకంలో రాసుకున్నాను. రాత్రి వ్యాసం రాయడానికి కూర్చుని పుస్తకం తెరిస్తే, రెండు పేజీల నిండా 'బాగుంది', 'సూపర్', 'ఫైట్లు బాగున్నాయి' అన్న మాటలు తప్ప ఇంకేమీ లేవు. ఎవరు అన్నారో, దేని గురించి అన్నారో రాసుకోలేదు. అంతమంది చెప్పిన మాటల్లో వ్యాసానికి పనికొచ్చే వాక్యం ఒక్కటి కూడా దొరకలేదు. ఆనాటి నుంచి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ప్రతి అభిప్రాయం పక్కన మనిషి ఉండాలి, సన్నివేశం ఉండాలి. ఆ రెండూ లేని మాటను ఎంత బాగున్నా వ్యాసంలోకి రానివ్వకూడదు.

ముందుగా అంకెల సంగతి

చాలామంది మొదట చూసేది శాతాలనే కాబట్టి వాటి అర్థం తెలుసుకుని మొదలుపెట్టాలి. సమీక్షలను ఒకచోట చేర్చే వెబ్‌సైటు రాటెన్ టొమాటోస్‌లో విమర్శకుల శాతం అంటే సినిమాకు వచ్చిన సగటు మార్కులు కావు. ఎంతమంది విమర్శకులు మొత్తం మీద సానుకూలంగా రాశారన్నది మాత్రమే. అందరూ "ఫరవాలేదు, చూడవచ్చు" అని రాసిన సినిమాకు నూటికి నూరు రావచ్చు. సగం మంది ఆకాశానికెత్తి సగం మంది తిరస్కరించిన సినిమాకు యాభయ్యే వస్తుంది. మెటాక్రిటిక్ అనే మరో వెబ్‌సైటు అలా కాకుండా సమీక్షలకు వెయిటేజీ ఇచ్చి సగటు తీస్తుంది. సినిమాస్కోర్ అన్నది అమెరికాలో విడుదల రోజు హాలు నుంచి బయటికి వచ్చే ప్రేక్షకులను అడిగి ఇచ్చే అక్షర శ్రేణి. విడుదల రోజునే టికెట్ కొనుక్కుని వచ్చినవారంటే ముందే ఆ సినిమా మీద ఇష్టం ఉన్నవారు కాబట్టి, అక్కడ మంచి శ్రేణి రావడం పెద్ద ఆశ్చర్యం కాదు, చెడ్డ శ్రేణి వస్తేనే ఆలోచించాలి. మన పత్రికల్లో 5కి 2.75, 3.25 అంటూ ఇచ్చే మార్కులు ఒక్క సమీక్షకుని తీర్పు. వాటిని పైవాటితో కలిపి లెక్క కట్టకూడదు.

2025 మే 30న విడుదలైన 'కరాటే కిడ్: లెజెండ్స్' ఇందుకు మంచి ఉదాహరణ. రాటెన్ టొమాటోస్‌లో విమర్శకుల శాతం అరవై దాటలేదు, ప్రేక్షకుల శాతం తొంభైకి చేరువగా నిలిచింది, సినిమాస్కోర్ 'ఏ మైనస్' వచ్చింది. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి "విమర్శకులకు నచ్చలేదు, జనానికి నచ్చింది" అని రాసేసి ముగించడం తేలిక. అలా రాసిన వ్యాసాలు ఆ వారం చాలానే చదివాను. ఆ అంతరం ఏ సన్నివేశాల దగ్గర పుట్టిందో ఒక్కరూ చెప్పలేదు. అంకెలను వ్యాసంలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయండి. అసలు పని ఆ వాక్యం తర్వాత మొదలవుతుంది.

విమర్శకుల రాతలను చదివే తీరు

ఈ తరహా సినిమాలకు ఒక అచ్చు ఉంది. పిల్లవాడు కొత్త ఊరికి వస్తాడు, అక్కడ బలవంతుడైన మరో కుర్రవాడు వేధిస్తాడు, అనుకోని చోట ఒక గురువు దొరుకుతాడు, సాధన జరుగుతుంది, చివర పోటీలో గెలుపు. ఈ అచ్చును జనం గుండెల్లో ముద్రవేసింది 1984లో జాన్ జి. ఆవిల్డ్‌సెన్ దర్శకత్వం వహించిన 'ది కరాటే కిడ్'. సుమారు 80 లక్షల డాలర్లతో తీసిన ఆ సినిమా అమెరికాలోనే 9 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. గురువు మియాగీ పాత్ర వేసిన పాట్ మొరీటా ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్‌కు పోటీపడ్డాడు. అంతవరకు హాస్యనటుడిగానే పేరున్న మనిషి కాబట్టి నిర్మాత మొదట ఆయనను వద్దనుకున్నాడు. సినిమా మధ్యలో మియాగీ సైనిక దుస్తులు వేసుకుని, తాగి, రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ మూలాలున్నవారిని అమెరికా ఉంచిన నిర్బంధ శిబిరంలో పోయిన భార్యాబిడ్డలను తలుచుకునే సన్నివేశాన్ని తీసేయమని స్టూడియో అడిగితే దర్శకుడు ఉంచాడు. మొరీటాకు ఆస్కార్ నామినేషన్ తెచ్చింది ఆ సన్నివేశమేనని అంటారు. విమర్శకులు కొట్లాటల సినిమాను మెచ్చుకోవడానికి కారణం కొట్లాట లేని సన్నివేశమైందన్న సంగతి, ఈ రకం సమీక్షలు చదివేవారంతా మనసులో పెట్టుకోవలసినది.

సమీక్షలు చదివేటప్పుడు నేను వాటిని రెండుసార్లు చదువుతాను. మొదటిసారి తీర్పు కోసం, రెండోసారి కారణం కోసం. రెండోసారి చదివేటప్పుడు తీర్పు చెప్పే విశేషణాలన్నీ పెన్సిల్‌తో కొట్టేసి, మిగిలిన వాక్యాల్లో ఏ సన్నివేశం పేరు వచ్చిందో చూస్తాను. ఒక్క సన్నివేశం పేరు కూడా లేని సమీక్ష మిగలదు, దాన్ని పక్కన పెడతాను. ఒకసారి, పేరు చెప్పను గానీ, తెలుగులో బాగా చదివే ఒక చోట వచ్చిన సమీక్ష ఇలా కొట్టివేతల తర్వాత పూర్తిగా ఖాళీ అయిపోయింది. అందులో కథానాయకుడి తల్లి పాత్రను తండ్రి అని రాశారు. సినిమా చూడకుండానే రాశారని తేలిపోయింది. దాన్ని నమ్మి ఇద్దరు మిత్రులు పిల్లలను తీసుకెళ్లకుండా ఆగిపోయారు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కారణాలు రాసుకుంటూ పోతే అవి మూడు నాలుగు మాటల చుట్టూనే తిరుగుతున్నట్టు తెలుస్తుంది. మొదటిది కొత్తదనం లేకపోవడం. ఇది నిజమే అయినా పదమూడేళ్ల ప్రేక్షకుడికి వర్తించదు, ఎందుకంటే ఆ అచ్చును అతడు చూడటం అదే మొదటిసారి కావచ్చు. రెండోది నిడివి. 2010 సినిమా 140 నిమిషాలు, చాలామంది సాగదీత అన్నారు; 2025 సినిమా 94 నిమిషాలు, చాలామంది హడావుడి అన్నారు. మూడోది పేరుకూ విద్యకూ పొంతన. 2010 కథ బీజింగ్‌లో జరుగుతుంది, అక్కడ పిల్లవాడు నేర్చుకునేది కుంగ్‌ఫూ, పేరు మాత్రం కరాటే. కరాటే ఒకినావా దీవుల్లో పెరిగిన విద్య, కుంగ్‌ఫూ చైనాది. చైనాలో ఆ సినిమాను 'కుంగ్‌ఫూ కల' అనే అర్థం వచ్చే పేరుతో విడుదల చేశారంటే ఆ అభ్యంతరం ఎంత సహజమో తెలుస్తుంది. నాలుగోది పిల్లల మధ్య హింస. పన్నెండేళ్ల పిల్లలు ఒకరినొకరు అంత గట్టిగా కొట్టుకోవడం చూడలేకపోయామని 2010లో కొందరు రాశారు, ఆ మాటకు తల్లిదండ్రుల స్పందనతో నేరుగా సంబంధం ఉంది కాబట్టి దాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి.

విమర్శకులంతా ఒక్క మాట మీద ఉంటారని అనుకోవడం కూడా పొరపాటు. అమెరికా సినీ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ 1984 సినిమాకు నాలుగుకు నాలుగు నక్షత్రాలు, 2010 సినిమాకు మూడున్నర ఇచ్చాడు. మెచ్చుకున్న సమీక్షకుడు అదే పాత అచ్చులో ఏం చూశాడన్నది, తిట్టినవారి కారణాల కన్నా మీ వ్యాసానికి ఎక్కువ పనికొస్తుంది.

హాల్లో, హాలు బయట

ప్రేక్షకుల స్పందన సేకరించడానికి ఊరు తెలిసి ఉండాలి. విశాఖలో ఒకే సినిమాకు ఒకే రోజు వేర్వేరు జనం వస్తారు. థియేటరు పేరే కూడలి పేరైపోయిన జగదాంబ జంక్షన్ ప్రాంతానికి ఊళ్లో అన్ని వైపుల నుంచీ, చుట్టుపక్కల పల్లెల నుంచీ కుర్రాళ్లు గుంపులుగా వస్తారు. మద్దిలపాలెం వైపు మల్టీప్లెక్సుకు ఆదివారం కుటుంబాలు, విశ్వవిద్యాలయం విద్యార్థులు వస్తారు. గాజువాక వైపు ఉక్కు కర్మాగారం కుటుంబాల పిల్లలు కనిపిస్తారు. ఒక్కచోట ఒక్క ఆట చూసి "విశాఖ ప్రేక్షకులు ఇలా అన్నారు" అని రాయడం సరికాదు. కనీసం రెండు చోట్ల, రెండు వేర్వేరు వేళల్లో చూడండి. మొదటి రోజు మార్నింగ్ షోకు వచ్చేవారిది అభిమానం, ఆదివారం మ్యాట్నీకి వచ్చేవారిది సెలవు. ఆ తేడాను రాసుకోండి.

హాల్లో కూర్చునేటప్పుడు వెనక వరుసల్లో ఒక పక్కగా కూర్చోవాలి. అక్కడి నుంచి తెరతో పాటు తలలూ కనిపిస్తాయి. ఫోను వెలుగు పక్కవారికి ఇబ్బంది కాబట్టి చిన్న పుస్తకం, పెన్సిలు చాలు. చీకట్లో రాసినది కోడిగీతల్లా ఉన్నా ఇంటర్వెల్‌లో సరిచేసుకోవచ్చు. నవ్వు ఎక్కడ వచ్చింది, ఈల ఎక్కడ పడింది, ఎక్కడ పాప్‌కార్న్ కోసం లేచారు, ఎక్కడ అంతా నిశ్శబ్దమైంది అన్నవి రాసుకోండి. పిల్లల సినిమాలో నిశ్శబ్దం చాలా విలువైన స్పందన. మాట కన్నా ముందు ఒళ్లు చెబుతుంది. 2025 సినిమాకు ఎంవీపీ కాలనీలోని ఒక కరాటే తరగతి పిల్లలతో కలిసి వెళ్లాను. నా ముందు వరుసలో పసుపు బెల్టు అమ్మాయి ఒకతె కూర్చుంది. తెర మీద సాధన మొదలైనప్పుడు ఆ పిల్ల చూపు తెర నుంచి కదలలేదు, ఒడిలో పెట్టుకున్న కుడిచేయి మాత్రం పిడికిలి బిగించి, మణికట్టు తిప్పి, మళ్లీ నడుము దగ్గరికి వెళ్లింది. ఆ ఒక్క కదలిక కింద నేను సన్నివేశం పేరు, సమయం రాసుకున్నాను. బయటికి వచ్చాక అడిగితే ఆ అమ్మాయి కూడా అందరిలాగే "బాగుంది మాస్టారూ" అని మాత్రమే అంది. నేను కరాటే మాస్టారిని కాను, వారి వెంట వెళ్లిన పెద్దవాడిని మాత్రమే. కానీ ఆ పిల్లలు తెల్లచొక్కా వేసుకున్న పెద్దలందరినీ అలాగే పిలుస్తారు.

బయట అడగవలసిన ప్రశ్న "ఎలా ఉంది?" కాదు. ఆ ప్రశ్నకు 'బాగుంది' అన్న జవాబు నోటి చివరే ఉంటుంది. "ఇంటికెళ్లి తమ్ముడికి ఏ సీను చెబుతావు?" అని అడగండి. "ఎక్కడైనా విసుగొచ్చిందా?" అని పెద్దలను అడగండి. "మళ్లీ చూడాలంటే ఎక్కడి నుంచి చూస్తావు?" అని పదిహేనేళ్లవారిని అడగండి. జవాబు తప్పనిసరిగా సన్నివేశంతోనే వస్తుంది. మెట్ల మీద తోపులాటలో అడగకుండా, పార్కింగ్ దగ్గర బండి తీసే వేళలోనో, ఆటో కోసం నిలబడినప్పుడో అడిగితే తొందరపడకుండా చెబుతారు. పిల్లలను అడిగేముందు పక్కనున్న పెద్దల అనుమతి తీసుకోవడం, పేర్లు రాయకపోవడం తప్పనిసరి. వయసు, తరగతి, కరాటే నేర్చుకుంటున్నారా లేదా అన్నది చాలు.

మర్నాడు మళ్లీ అడగడం మరీ ముఖ్యం. ఆర్‌కే బీచ్ రోడ్డు మీద పొద్దున్నే వాహనాలు ఆపే వేళ నడకకు వచ్చేవారిలో, సాధనకు వచ్చే పిల్లల్లో, ముందురోజు సినిమా చూసినవారు దొరుకుతారు. రాత్రి నిద్రపోయి లేచాక మిగిలిన సన్నివేశమే ప్రేక్షకుడి అసలు స్పందన అని నేను నమ్ముతాను. హాలు బయట అందరూ ఆఖరి పోరు గురించే మాట్లాడతారు. మర్నాడు పొద్దున మాత్రం వేరే మాటలు వస్తాయి.

అలా వచ్చిన మాటల్లో నాకు బాగా పనికొచ్చినది ఒక తల్లిది. 2025 కథలో లీ ఫాంగ్ అనే కుర్రవాడు తల్లితో కలిసి బీజింగ్ నుంచి న్యూయార్క్‌కు వస్తాడు. పెద్ద కొడుకును కోల్పోయిన ఆ తల్లి, చిన్నవాడు ఇక ఎవరితోనూ తలపడకూడదని కట్టడి చేస్తుంది. ఆమె మనసు మారే తీరు గురించి మద్దిలపాలెంలో చూసివచ్చిన ఆ తల్లి ఇలా అంది: "ఒక పిల్లాడు పోయిన తల్లి రెండోవాణ్ని పోటీకి పంపాలంటే ఎన్ని రాత్రులు నిద్రపట్టదో! వీళ్లు ఆవిడకి ఒక్క రాత్రి కూడా ఇవ్వలేదండీ." విమర్శకులు 'హడావుడి కూర్పు, భావోద్వేగాలకు ఊపిరి సలపలేదు' అని రాసింది సరిగ్గా ఇదే. ఆమె సమీక్షలేవీ చదవలేదు. రెండు పక్షాలూ వేర్వేరు మాటల్లో ఒకే లోపాన్ని చూపించిన చోటు అది. ప్రేక్షకుల శాతం తొంభై అన్న అంకె వెనక ఇటువంటి అసంతృప్తి కూడా ఉందని శాతం చెప్పదు. మీ నోటు పుస్తకంలో ఇలాంటి చోటు ఒక్కటి దొరికినా దాని చుట్టూ వ్యాసం కట్టండి.

డబ్బింగ్ గురించి కొద్దిగా చెప్పాలి. ఆ సినిమా మన దేశంలో ఇంగ్లిష్‌తో పాటు హిందీ, తమిళం, తెలుగుల్లోనూ విడుదలైంది. హిందీలో జాకీ చాన్ పాత్రకు అజయ్ దేవగణ్, కుర్రవాడి పాత్రకు ఆయన కుమారుడు యుగ్ గొంతు అరువిచ్చారు. కాబట్టి ఎవరు ఏ భాషలో చూశారో ప్రతి అభిప్రాయం పక్కన రాయాలి. "గురువుగారి మాటలు చప్పగా ఉన్నాయి" అన్నది నటుడి మీద ఫిర్యాదు కావచ్చు, అనువాదం మీద ఫిర్యాదు కావచ్చు.

సాధన చేసేవారి మాట వేరు

ప్రేక్షకులందరినీ ఒకే గంపలో వేయకూడదు. కరాటే, తైక్వాండో నేర్చుకునేవారు చూసేది వేరు. ఆఖరి తన్ను అందంగా ఉందా అని కాకుండా నిలబడ్డ కాలు మడమ నేలకు ఆనిందా, తన్నిన కాలు మళ్లీ వెనక్కి వచ్చిందా అని చూస్తారు. వీరి అభిప్రాయాన్ని మూడో పక్షంగా రాయమని నా సలహా, ఎందుకంటే విమర్శకుడికి లేని అర్హత వీరికుంది, మామూలు ప్రేక్షకుడికి లేని పట్టింపూ ఉంది.

2025 సినిమాకు వెళ్లేముందు ఒక అపార్ట్‌మెంటు కమ్యూనిటీ హాల్లో పిల్లలకు 1984 సినిమా వేసి చూపించాము. చివరలో కథానాయకుడు ఒంటికాలి మీద కొంగలా నిలబడి ప్రత్యర్థి ముఖం మీద తన్నే ఘట్టం రాగానే మామూలు పిల్లలు కేకలు వేశారు, కరాటే పిల్లలు మాత్రం వాదనకు దిగారు. ముఖానికి అంత గట్టిగా తగిలితే తప్పు కింద పెనాల్టీ వేయాలి గానీ పాయింటు ఎలా ఇస్తారని ఒక నీలం బెల్టు కుర్రవాడి ప్రశ్న. నేటి ప్రపంచ కరాటే సమాఖ్య నియమాల్లో తలకు గురిపెట్టిన తన్నుకు 3 పాయింట్లు, ఒంటికి తగిలిన తన్నుకు 2, గుద్దుకు 1 ఇస్తారు. అయితే దెబ్బ అదుపులో ఉండాలి, ముఖం మీద మితిమీరి తాకితే శిక్ష తప్పదు. ఆ అబ్బాయి తన తరగతిలో నేర్చుకున్న నియమంతో సినిమాను కొలుస్తున్నాడు. కానీ సినిమా తన నియమాన్ని తానే చెబుతుంది: పోటీ మొదట్లోనే, నడుము పైభాగమంతా పాయింటేనని కథానాయికే వివరిస్తుంది. ఈ వాదన అమెరికాలోనూ దశాబ్దాలుగా నడుస్తోంది. ఇలాంటి చోట ఎవరిది ఒప్పని తేల్చే పని మీకు లేదు; ఏ నియమంతో ఎవరు కొలుస్తున్నారో మాత్రం రాయాలి.

అదే రోజు వెనక కుర్చీలో కూర్చున్న, ఉక్కు కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక తాతగారు మనవడితో అన్న మాట నేను ఎన్నటికీ మరవను. కారు తుడవడం, కంచెకు రంగు వేయడం పేరిట మియాగీ చేయించిన పనులే కరాటే దెబ్బలను అడ్డుకునే కదలికలని బయటపడే సన్నివేశం అది. మొదట ఆయన "ఏటి, గోడలకి రంగులేసీసి కరాటే నేర్చీసుకున్నాడా?" అని నవ్వారు. కాసేపాగి, "మా ఫిట్టరుగారు మూణ్నెల్లు నా చేత ఆకురాయి తప్ప ఇంకేటీ పట్టనివ్వలేదు. అప్పుడు తిట్టుకున్నాను. ఇదీ అదేరా" అన్నారు. తర్వాత కుడి అరచేయి చాపి, గాల్లో ఆకురాయి తోసినట్టు ముందుకూ వెనక్కూ రెండుసార్లు ఆడించి చూపించారు. మనవడు కూడా అదే చేశాడు. ఆ సన్నివేశం ఎందుకు పండుతుందో అన్ని సమీక్షల్లోకీ ఆయన చెప్పిందే నాకు బాగా అర్థమైంది. ఆయన మాటను ఆయన యాసలోనే ఉంచాను. దాన్ని శిష్ట వ్యావహారికంలోకి మార్చి ఉంటే ఆకురాయి పోయేది కాదు గానీ మనిషి పోయేవాడు. ప్రేక్షకుల మాటలను రాసేటప్పుడు వ్యాకరణం దిద్దకండి.

రాసే పద్ధతి

ఇప్పుడు ముందర రెండు కట్టలున్నాయి: సమీక్షల నుంచి తీసిన కారణాలు, ప్రేక్షకుల నుంచి (వారిలో సాధన చేసేవారి నుంచి విడిగా) తీసిన మాటలు. చాలామంది మొదట విమర్శకులు, తర్వాత ప్రేక్షకులు అని రెండు భాగాలుగా రాస్తారు. నాకది నచ్చదు, ఎందుకంటే అలా రాస్తే రెండు పక్షాలూ ఒకరి మాట ఒకరు వినకుండానే వ్యాసం అయిపోతుంది. సన్నివేశాల వరుసలో రాయండి. వేధింపు ఘట్టం గురించి ఎవరెవరు ఏమన్నారు, సాధన గురించి ఏమన్నారు, తల్లి లేదా గురువు ఘట్టం గురించి ఏమన్నారు, పోటీ గురించి ఏమన్నారు. నాలుగు సన్నివేశాలకు మించి పెట్టుకోకండి.

వేధింపు ఘట్టం దగ్గర ప్రత్యేక శ్రద్ధ పెట్టాలి. పెద్దలకు అది కథ నడిపే మలుపు మాత్రమే, పిల్లల్లో కొందరికి మాత్రం అది వారి బడి. హాల్లో ఆ సన్నివేశానికి నవ్వినవారున్నారా, తలదించుకున్నవారున్నారా అని చూడండి, కానీ ఏ పిల్లవాడినీ "నీకూ ఇలా జరిగిందా?" అని అడగకండి. వారే చెబితే వినండి, వ్యాసంలోకి తేకండి. తల్లిదండ్రుల కోసం సెన్సార్ ధ్రువపత్రం వివరం ఒక్క వాక్యంలో చేర్చండి. పిల్లలు పెద్దల పర్యవేక్షణలో చూడదగిన సినిమాలకిచ్చే యూఏ ధ్రువపత్రాన్ని 2024 నవంబరు నుంచి 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు కాబట్టి, ఏ వయసువారికి ఏ మేరకు హింస ఉందన్న ప్రశ్నకు అది మొదటి సమాధానం అవుతుంది.

పోలికలు తెచ్చేటప్పుడు పాఠకులకు తెలిసినవి తేవడం మంచిది. విశాఖ నేపథ్యంగా సాగిన 2017 నాటి 'గురు' బాక్సింగ్ కథే అయినా, మొండి గురువు, మొండి శిష్యురాలు అన్న జోడీ మన ప్రేక్షకులకు బాగా గుర్తుంది. అందులో శిష్యురాలిగా నటించిన రితికా సింగ్ నిజజీవితంలోనూ కిక్‌బాక్సర్ కాబట్టి ఆమె గుద్దులు నమ్మదగినవిగా ఉన్నాయని సాధన చేసే పిల్లలు ఇప్పటికీ అంటారు. ఆ ఒక్క పోలిక, విదేశీ సినిమాలోని కుర్రవాడి కదలికల గురించి పది వాక్యాల వివరణను తప్పిస్తుంది.

వాక్యం ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చూపిస్తాను. "సినిమా రెండో సగం ప్రేక్షకులను ఆకట్టుకుంది" అన్నది రాయదగిన వాక్యం కాదు. ఎవరిని, ఎక్కడ అన్నది అందులో లేదు. "పిజ్జా దుకాణం యజమానికి కుర్రవాడే శిక్షణ ఇచ్చే ఘట్టంలో, గురువు వయసులో చిన్నవాడు కావడం కొత్తగా ఉందని ఒక ఇంజినీరింగ్ విద్యార్థి అన్నాడు, అదే ఘట్టం అసలు పోటీకి చేరకుండా కథను పక్కదారి పట్టించిందని ఆయన తండ్రి విసుక్కున్నాడు" అన్నది రాయదగినది. రెండో వాక్యంలో మనుషులున్నారు, సన్నివేశముంది, భేదముంది. పాఠకుడు తాను ఎవరి పక్షమో తేల్చుకోగలుగుతాడు.

మీ సొంత తీర్పు కూడా వ్యాసంలో ఉండాలి, అయితే అది ఇతరుల నోట పెట్టకూడదు. "చాలామంది అభిప్రాయం ప్రకారం" అన్న మాట వెనక దాక్కోకండి. 2025 సినిమా గురించి నా తీర్పు ఇది: కొట్లాటలు చురుగ్గా ఉన్నాయి, కుర్రవాడు బాగా చేశాడు, కానీ శిష్యుడు అలిసిపోయేంత సాధన తెర మీద కనిపించలేదు, అందుకే గెలుపు తేలికగా అనిపించింది. పిల్లలు నాతో ఒప్పుకోలేదు. ఆ సంగతి కూడా వ్యాసంలో రాశాను.

వ్యాసం అచ్చయ్యాక నోటు పుస్తకాన్ని పారేయకండి. ప్రతి సినిమా పేజీల చివర ఒక పేజీ ఖాళీగా వదలండి, ఎందుకంటే ఈ స్పందనలు మారతాయి. 1994లో వచ్చిన 'ది నెక్స్ట్ కరాటే కిడ్'ను విమర్శకులు దాదాపు ఏకగ్రీవంగా తిరస్కరించారు. అందులో శిష్యురాలిగా నటించిన హిల్లరీ స్వాంక్ ఆ తర్వాత రెండుసార్లు ఉత్తమ నటి ఆస్కార్ అందుకుంది, ఇప్పుడా సినిమా చూసేవారు ఆమె కోసమే చూస్తున్నారు. 1984లో అందరూ దుష్టుడిగా చూసిన జానీ అనే కుర్రవాడి వైపు నుంచే 2018లో మొదలైన 'కోబ్రా కై' ధారావాహిక కథ నడిపింది, దాంతో పాత సినిమా మీద కొత్త వాదనలు పుట్టాయి. మా పసుపు బెల్టు అమ్మాయిని కూడా కొన్ని నెలల తర్వాత మళ్లీ అడిగాను. అప్పటికి తాను ఒక పోటీలో మొదటి రౌండులోనే ఓడిపోయి వచ్చింది. సినిమాలో ఏ సీను గుర్తుందని అడిగితే ఆఖరి తన్ను గురించి చెప్పలేదు. "వాళ్లమ్మ వద్దంటుంది కదా, అది" అంది. ఖాళీగా వదిలిన పేజీలో తేదీ వేసి రాసుకున్నాను.